పగలు బడి, రాత్రి పాఠము

మా సంఘములో స్త్రీలు కూర్చునే వైపు, రెండవ వరుస చివర, కిటికీ ప్రక్కన ఒక సహోదరి కూర్చునేది. ఉన్నట్టుండి ఆమె ఆదివారాలు రావడం తగ్గింది. ఒక వారము వస్తే రెండు వారాలు కనిపించేది కాదు. మా అత్తిలి ప్రాంతములో నాట్ల రోజులలోను, కోతల రోజులలోను ఇలా జరగడం మామూలే. కాని ఆమెది పొలం పని కాదు. దగ్గరలోని ఒక చిన్న ప్రైవేటు బడిలో చిన్న తరగతుల టీచరుకు సహాయకురాలు. పిల్లల చేత పలక మీద దిద్దించడం, క్యారేజీ విప్పి అన్నం తినిపించడం, ఏడ్చేవాళ్ళను ఊరుకోబెట్టడం ఆమె పని. టీచరు రాని రోజున తరగతి అంతా ఆమెదే. జీతం మాత్రం సహాయకురాలిదే.

ఒక ఆదివారము నేను ఆరాధన మానేవారిని గూర్చి ప్రసంగములో కాస్త గట్టిగానే మాట్లాడాను. పేరు చెప్పలేదు గాని, అందరి చూపులూ ఆ ఖాళీ చోటు వైపు వెళ్ళాయి. ఆ మాట ఆమె చెవిన పడింది. బుధవారము సాయంత్రము పుస్తకాల సంచితో మా ఇంటికి వచ్చింది.

“అయ్యగారూ, నేను మానేయడం లేదండి. ఓపెన్ డిగ్రీలో చేరానండి. మాలాంటి పనులవాళ్ళకి క్లాసులు ఆదివారమే పెడతారండి. మా అత్తగారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. తప్పితే నలుగురూ నవ్వుతారని భయమండి” అంది.

నాకు నోట మాట రాలేదు. ఆమెను అడిగి తెలుసుకోకుండా ప్రసంగములో మాట విసిరినందుకు సిగ్గుపడ్డాను. ఆ మరుసటి ఆదివారము సంఘము ఎదుటే నా పొరపాటు ఒప్పుకున్నాను. ఆ తరువాత ఈ చదువుల సంగతి విచారించి తెలుసుకున్నదే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను. మన పల్లెల్లో బడి ఆయాలు, అంగన్‌వాడీ సహాయకురాండ్రు, శిక్షణ లేకుండానే పాఠాలు చెబుతున్న యువతీయువకులు లేని సంఘము అరుదు గదా!

తెరచుకున్న తలుపు

పని మానకుండా డిగ్రీ చదవడం మన తెలుగు నేలకు కొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1972లోనే పోస్టు ద్వారా పాఠాలు పంపే విభాగమును ప్రారంభించింది. ఇంగ్లండులో 1969లో ఏర్పడిన ఓపెన్ యూనివర్సిటీ 1971 నుండి ఇంటి వద్ద చదువుకొనేవారికి పాఠాలు నేర్పసాగింది. మన దేశములో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదులో వెలసింది. ఇంటరు చదవనివారికి కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలోకి తీసుకున్న ఘనత దానిది. దానికి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. దాని మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డిగారే, 1985లో ఢిల్లీలో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, అంటే ఇగ్నోకి కూడా మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు.

2014లో రాష్ట్రము విడిపోయాక అంబేద్కర్ విశ్వవిద్యాలయము తెలంగాణలో ఉండిపోయింది. కనుక మన జిల్లాలవారు ఎక్కడ చేరాలన్నా, ఆ కోర్సుకు ఆ సంవత్సరము యు.జి.సి. దూరవిద్యా విభాగపు అనుమతి ఉన్నదా, పరీక్ష కేంద్రము ఎక్కడ అన్న రెండు సంగతులు ముందుగా అడగాలి. గోడ మీద అంటించిన కాగితము చూసి డబ్బు కట్టకూడదు.

పదవ తరగతి దగ్గర ఆగిపోయినవారు నిరాశపడనక్కరలేదు. రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠము ద్వారా పది, ఆపైన ఇంటరు పూర్తి చేసికొని డిగ్రీలోకి రావచ్చును.

గంటల లెక్క

ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 120 క్రెడిట్ల డిగ్రీ అంటే 3600 గంటలు. మూడేళ్ళలో ముగించాలంటే వారానికి సుమారు 23 గంటలు చదవాలి. పగలంతా బడిలో నిలబడి, ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించే తల్లికి అన్ని గంటలు ఎక్కడివి? కాని అక్కడ మూడేళ్ళ డిగ్రీని ఆరేళ్ళ వరకు పంచుకొనే వీలున్నది. అప్పుడు వారానికి పదకొండున్నర గంటలు చాలు. అంటే రోజూ రాత్రి గంటన్నర, ఆదివారము మరి కాస్త. ఆలస్యమైతే పరువు పోదు. ఆపివేస్తేనే నష్టము.

మా సహోదరి మూడేళ్ళలో ముగించాలని పంతము పట్టి, మొదటి సంవత్సరములోనే రెండు పేపర్లు తప్పింది. అప్పుడు వేగము తగ్గించుకొని, అయిదేళ్ళకు పట్టా అందుకుంది. తప్పినప్పుడు ఎవ్వరూ నవ్వలేదు.

పట్టా వేరు, అర్హత వేరు

ఇక ముఖ్యమైన సంగతి. డిగ్రీ చేతికి వస్తే టీచరు ఉద్యోగము వచ్చినట్టేనని ఎవరో ఆమెకు చెప్పారు. అది నిజము కాదు. ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచరు కావాలంటే ఇంటరు తరువాత రెండేళ్ళ డి.ఎల్.ఎడ్., దానిపై టెట్ కావాలి. ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంట్ కావాలంటే డిగ్రీ, బి.ఎడ్., టెట్ కావాలి. బి.ఎడ్. ఉన్నంత మాత్రాన చిన్న తరగతులకు అర్హత రాదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దూరవిద్యలో బి.ఎడ్. ఉన్నది గదా అంటారేమో. అది ఇదివరకే ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికి మాత్రమే.

పాక్షిక కాలపు చదువును గూర్చి మరొక గుణపాఠము కూడా ఉన్నది. శిక్షణ లేని ఉపాధ్యాయులు 2019 మార్చి 31 లోగా శిక్షణ పొందాలని 2017లో పార్లమెంటు చట్టము సవరించింది. వారి కోసం జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ 18 నెలల డిప్లొమా నడిపింది. లక్షలమంది పగలు బడికి వెళ్ళి, రాత్రి టీవీలోను ఫోనులోను పాఠాలు విన్నారు. తరువాత అది రెండేళ్ళ డిప్లొమాకు సమానము కాదని 2023 నవంబరులో సుప్రీంకోర్టు అన్నది. 2017 ఆగస్టు 10 నాటికి ఉద్యోగములో ఉన్నవారికి అది చెల్లుతుందని 2024 డిసెంబరులో వివరణ ఇచ్చాకగాని వారికి ఊరట కలుగలేదు. అంత కష్టపడినవారు కోర్టు మెట్ల దగ్గర ఎదురుచూడవలసి వచ్చింది. ఇంగ్లండులో కూడా తరగతి సహాయకులు పని చేస్తూ డిగ్రీ చదువుతారు. అక్కడ కూడా చాలా బడులలో టీచరుగా నిలబడడానికి వేరే అర్హత అడుగుతారు. కనుక “ఏ తరగతులకు నేర్పాలని నా కోరిక?” అని ముందు తేల్చుకొని, దానికి తగిన దారి పట్టాలి.

అయితే డిగ్రీ వృథా అనుకోవద్దు. మా సహోదరికి అది బి.ఎడ్.కు మెట్టు అయింది. రెండేళ్ళు కాలేజీకి వెళ్ళి చదివే కోర్సు గనుక బడిలో పని మానుకోవలసి వచ్చింది. ఇంట్లో ఒక జీతము తగ్గింది. అది సులభమైన నిర్ణయము కాదు.

ఇల్లు, సంఘము

ఆమె అయిదేళ్ళ చదువులో సగము పని అత్తగారిది. ఆదివారము కోడలు తెల్లవారకముందే రైలుకు వెళితే, పిల్లలకు తలంట్లు పోసి గుడికి తీసికొని వచ్చింది ఆమె. అసైన్‌మెంట్లు చేత్తో వ్రాయాలి గనుక, రాత్రిపూట గిన్నెలు తోమే పని భర్త తీసుకున్నాడు. మొదట ఇరుగుపొరుగువారు ముసిముసిగా నవ్వారు. ఇప్పుడు నవ్వడం లేదు.

మా సంఘము చేసింది కొంచెమే. ఆదివారము చదువులకు, పనులకు వెళ్ళేవారి కోసం శనివారము సాయంత్రము ఒక చిన్న ఆరాధన పెట్టాము. మొదట నలుగురు వచ్చారు. ఇప్పుడు వరికోత యంత్రాల మీద పనిచేసే యువకులు, ఆసుపత్రి నర్సులు కూడా వస్తున్నారు. పరీక్షల రోజులలో గుడి గదిలో లైటు వేసి రాత్రి పది వరకు తెరచి ఉంచుతున్నాము. దీనికి పెద్ద కానుకలేవీ అవసరము లేకపోయింది.

ప్రియమైన పాఠకులారా, మీ సంఘములో కూడా ఒక చోటు ఖాళీగా కనబడుచుండవచ్చును. ప్రసంగములో దానిని గూర్చి మాట్లాడకముందు ఆ ఇంటికి వెళ్ళండి. ఆ సహోదరి భుజాన ఉన్న సంచిలో ఏమున్నదో అడగండి. నేను ఆలస్యముగా అడిగాను. మీరు ముందే అడగండి.