చేప నోటిని బట్టి గాలం

గోదావరి డెల్టా కాలువల్లో, చెరువుల్లో గాలానికి పడే పెద్ద చేపల్లో చాలా భాగం కార్పు జాతివే. బొచ్చె, శీలావతి, మోసు మన నదుల చేపలు. బంగారు తీగ, గడ్డి చేప, వెండి చేప బయటి దేశాల నుంచి తెచ్చి పెంచినవి. ఈ ఆరింటికీ దవడల్లో పళ్లుండవు, గొంతు లోపల ఉంటాయి. అందుకే ఇవి కొరమీనులా, వాలుగలా ఎరను కరుచుకుని పరుగెత్తవు. నీళ్లతో పాటు ఎరను నోట్లోకి పీల్చుకుంటాయి. తేడా అనిపిస్తే అదే నీళ్లతో బయటికి ఊదేస్తాయి. ఈ రెండు పనుల మధ్య గడిచేది ఒక్క క్షణం. కార్పు చేపల కోసం గాలం కట్టే పద్ధతులన్నీ ఆ క్షణాన్ని అందుకోవడానికి పుట్టినవే. గట్టు మీద కూర్చున్నవాళ్లు ఎక్కువగా ఎర గురించే మాట్లాడుకుంటారు. కానీ చేపను పట్టించేది ఎర ఒక్కటే కాదు, ఆ ఎర చేప నోటికి అందే తీరు కూడా.

ఈ డెల్టాలోని కడియం పేరు చెబితే నర్సరీలు గుర్తొస్తాయి. ఆ మొక్కలను బతికించే నీళ్లే చేపలనూ బతికిస్తున్నాయి. ధవళేశ్వరంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ నుంచి తూర్పు డెల్టాకు వచ్చే నీరు కడియం ప్రాంతాన్ని దాటుకునే దిగువకు పోతుంది. వానాకాలం మొదట్లో వదిలిన నీరు ఎండాకాలం వరకూ పారుతుంది. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. అప్పుడు చేపలు లోతైన మడుగుల్లోకి చేరతాయి. కాలువలకు తోడు ఊరి చెరువులు, మట్టి తవ్వగా మిగిలిన గుంటలు ఉన్నాయి. కాలువలో నీరు పారుతుంది, చెరువులో నిలిచి ఉంటుంది. ఈ ఒక్క తేడాతోనే సీసం బరువు, దారం పొడవు, ఎర గట్టిదనం మారిపోతాయి.

ఈ చేపలు ఇంత విరివిగా దొరకడం వెనుక ఒక పరిశోధన ఉంది. బొచ్చె, శీలావతి, మోసు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, వాటికి వరద నీరు కావాలి. ఒకప్పుడు పిల్లలను నదుల్లో పట్టి తెచ్చి చెరువుల్లో వదిలేవారు. 1957 జూలై 10న ఒడిశాలో డాక్టర్ హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసాన్ని ఎక్కించి కార్పు చేపల చేత గుడ్లు పెట్టించారు. ఆ రోజునే ఇప్పుడు జాతీయ చేప రైతుల దినంగా జరుపుతున్నారు. ఆ తరువాత కోస్తా జిల్లాల్లో చేపల చెరువులు విస్తరించాయి. అక్కడ తవుడు, వేరుశనగ చెక్క వంటి మేతను అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, నీటిలో పాతిన కర్రలకు కడతారు. చేపలు వచ్చి సంచిని పొడుచుకుంటూ తింటాయి. వరదకు గట్లు తెగినప్పుడు వీటిలో కొన్ని కాలువల్లోకి వచ్చేస్తాయి. తవుడు, చెక్కల వాసన వీటికి పుట్టినప్పటి నుంచి తెలిసిందే. డెల్టాలో ఎర కోసం విదేశీ డబ్బాలు కొనాల్సిన పని లేకపోవడానికి కారణం ఇదే.

ఇక నోళ్ల సంగతి. బొచ్చె తల పెద్దది, నోరు పైకి తెరుచుకుని ఉంటుంది, మీసాలుండవు. నీటి పైపొరల్లో తేలే సూక్ష్మజీవులను వడకట్టుకుని తింటుంది. శీలావతి నడిమి నీటిలో తిరుగుతుంది. కింది పెదవికి అంచులు కత్తిరించినట్టు కుచ్చు ఉంటుంది, నాచును, కుళ్లిన ఆకును గీరుకుని తినడానికి అది పనికొస్తుంది. మోసు నోరు కిందికి ఉంటుంది, అడుగు బురదలో మేస్తుంది. బంగారు తీగకు రెండు జతల మీసాలు. నోరు గొట్టంలా ముందుకు సాగుతుంది, దానితో బురదను తవ్వి, గింజలూ పురుగులూ ఏరుకుంటుంది. గడ్డి చేప పేరుకు తగ్గట్టు ఆకు తింటుంది. వెండి చేప మేత కంటికి కనిపించని నాచు కాబట్టి గాలానికి అరుదుగానే పడుతుంది, దాని కోసం ప్రత్యేకంగా ఏమీ కట్టనక్కర్లేదు.

బొచ్చెకు ఎర అడుగున పడితే ప్రయోజనం లేదు. బెండు కట్టి, ఎరను నీటి మట్టానికి రెండు నుంచి నాలుగు అడుగుల లోతులో వేలాడదీయాలి. ఎర గట్టిగా ఉండకూడదు, నీటిలో మెల్లగా విడిపోతూ పొగలా పరుచుకోవాలి. బొచ్చె ఆ పొగను పీలుస్తూ దగ్గరికి వస్తుంది. దీనికోసమే చాలాచోట్ల ఇనుప స్ప్రింగు చుట్టూ పిండి ముద్ద అదిమి, దాని చుట్టూ నాలుగు నుంచి ఆరు చిన్న గాలాలను గుత్తిగా కడతారు. ముద్ద కరుగుతుంటే గాలాలు ఆ పొగలోనే ఊగుతుంటాయి, చేప పీల్చినప్పుడు ఏదో ఒకటి నోట్లోకి పోతుంది. పద్ధతి పనిచేస్తుంది కానీ దానిలో కీడు కూడా ఉంది. మిగతా గాలాలు చేప కంటికో, మొప్పకో, పొట్టకో గుచ్చుకుంటాయి. దారం తెగితే ఆ గుత్తి మొత్తం చేపకే ఉండిపోతుంది. ఒక స్ప్రింగు, దాని కింద మూడు నాలుగు అంగుళాల దారంతో ఒకటి, మహా అయితే రెండు గాలాలు కడితే చాలు. చేప కాస్త తక్కువ పడవచ్చు గానీ, పడినది నోటి దగ్గరే పడుతుంది.

శీలావతికి, మోసుకు బెండు కట్టినా ఎర అడుగుకు చేరాలి. అందుకు ముందు లోతు తెలుసుకోవాలి. గాలానికి ఒక సీసం ముక్క తగిలించి నీటిలో దించాలి. బెండు మునిగిపోతే దాన్ని దారం మీద పైకి జరపాలి, అడ్డంగా పడుకుంటే కిందికి జరపాలి. కొన మాత్రమే నీటిపైన నిటారుగా కనిపించినప్పుడు లోతు కుదిరినట్టు. మోసుకు ఎర అడుగును తాకుతూ ఉండాలి, శీలావతికి జానెడు పైన ఉన్నా ఫర్వాలేదు. నెమలి ఈక కాడ, జీలుగ బెండు రెండూ ఈ పనికి మంచివి, చిన్న కదలికను కూడా చూపిస్తాయి. గాలానికి రెండు మూడు అంగుళాల పైన ఒక చిన్న సీసం గుండు నొక్కితే ఇంకో లాభం ఉంది. అడుగున మేసే చేప ఎరతో పాటు ఆ గుండును కూడా ఎత్తుతుంది. అప్పుడు బెండు మునగదు, పైకి లేచి పక్కకు వాలుతుంది. కొత్తవాళ్లు బెండు మునగడం కోసమే చూస్తూ ఈ సూచనను వదిలేసుకుంటారు. వాలిన క్షణంలోనే గడను ఎత్తాలి.

బంగారు తీగ అన్నిటికన్నా జాగ్రత్త గల చేప. ఐరోపాలో దీన్ని పట్టడమే ఒక పెద్ద విద్యగా పెరిగింది. 1952లో ఇంగ్లండులోని రెడ్‌మైర్ మడుగులో రిచర్డ్ వాకర్ 44 పౌన్ల చేపను పట్టినప్పుడు ఆయన ఎర రొట్టె ముద్ద. 1970ల చివర్లో లెనీ మిడిల్టన్, కెవిన్ మాడాక్స్ అనే ఇద్దరు ఆంగ్లేయులు అద్దాల తొట్టిలో చేప ఎరను పీల్చి ఊదేయడాన్ని గమనించి ఒక ఉపాయం కనిపెట్టారు. ఎరను గాలానికి గుచ్చకుండా, గాలం వంపు నుంచి వేలాడే ఒక వెంట్రుకకు కట్టారు. అందువల్లే దానికి హెయిర్ రిగ్ అని పేరొచ్చింది. ఎర నోట్లోకి తేలిగ్గా వెళుతుంది, వెనకే బోసి గాలం వెళుతుంది. చేప ఊదేసినప్పుడు ఎర ముందుగా బయటికి వస్తుంది, గాలం మొన కింది పెదవికి పట్టుకుంటుంది. ఇప్పుడు వెంట్రుకకు బదులు సన్నని అల్లిక దారం వాడుతున్నారు.

దీన్ని ఇంట్లోనే కట్టుకోవచ్చు. అడుగు పొడవు దారం తీసుకుని ఒక కొసన చిన్న ఉచ్చు వేయాలి. రెండో కొసను గాలం కన్నులో వెనకవైపు నుంచి దూర్చి లాగాలి. ఉచ్చు గాలం వంపు కింద ఎర పట్టేంత పొడవున వేలాడేలా సర్ది, వేలితో అదిమి పట్టుకోవాలి. పొడవుగా ఉన్న కొసతో గాలం కాడనూ వేలాడే దారాన్నీ కలిపి కన్ను నుంచి కిందికి ఏడెనిమిది చుట్లు దగ్గరదగ్గరగా చుట్టాలి. ఆ కొసను మొదట దూర్చిన వైపు నుంచే మళ్లీ కన్నులో దూర్చి, చుట్లను ఉమ్మితో తడిపి బిగించాలి. తడపకుండా లాగితే నైలాను వేడెక్కి బలం పోతుంది. ఎర గుచ్చడానికి కొన వంగిన సన్న సూది కావాలి. గింజలను సూదికి ఎక్కించి, ఉచ్చును కొనకు తగిలించి లాగి, జారిపోకుండా ఉచ్చులో గడ్డిపరక ముక్క పెట్టాలి. గాలం వంపుకూ ఎరకూ మధ్య అర సెంటీమీటరు ఖాళీ ఉండాలి. ఎర గాలానికి ఆనుకుంటే హెయిర్ రిగ్ వల్ల ఉపయోగం లేదు.

దీనికి మొక్కజొన్న గింజలు, పెద్ద శనగలు బాగా సరిపోతాయి. ఒక రాత్రీ పగలూ నానబెట్టి, మెత్తబడేదాకా ఉడికించాలి. ఎండు గింజలను నీటిలో చల్లకూడదు, చేప కడుపులో అవి ఉబ్బుతాయి. పరిగెలు, జెల్లలు మెత్తని ముద్దను నిమిషాల్లో కొరికేసే చోట గుడ్డు కలిపిన పిండిని గోళీలంత ఉండలు చేసి, మరిగే నీటిలో ఒకటి రెండు నిమిషాలు ఉంచి తీసి ఆరబెడితే పైన పొర గట్టిపడుతుంది. చిన్న చేప దాన్ని ఏమీ చేయలేదు. అడుగున మెత్తని బురద ఉంటే గింజల పక్కన చిన్న బెండు ముక్క గుచ్చాలి. బరువు తగ్గి ఎర బురద మీదే నిలుస్తుంది, చేప పీల్చగానే లేస్తుంది.

ముద్ద ఎర తయారీలో అసలు కిటుకు తడిలో ఉంది. రెండు పాళ్లు దోరగా వేపిన తవుడు, ఒక పాలు నానబెట్టి నలిపిన వేరుశనగ చెక్క, అంటుకోవడానికి కొంచెం మైదా. కాస్త బెల్లం కలపవచ్చు. నీళ్లు చేత్తో చిలకరిస్తూ కలపాలి, ఒక్కసారిగా పోయకూడదు. ఉండ చేసి గాజు గ్లాసులోని నీటిలో వేసి చూడాలి. వేయగానే చిట్లితే తడి తక్కువ, లేదా మైదా చాలలేదు. అరగంటైనా చెక్కుచెదరకపోతే మైదా ఎక్కువైంది. పది పదిహేను నిమిషాల్లో అంచుల నుంచి రాలుతూ కరిగితే చెరువుకు సరైన ముద్ద. పారే కాలువకు ఇంకొంచెం గట్టిగా కలపాలి. అదే పిండిని పలుచగా చేసి ముందుగా నీటిలో చల్లుతారు. పావుగంటకో గుప్పెడు చాలు. బుట్టలకొద్దీ పోస్తే చేప మేత తిని పోతుంది గానీ గాలం వైపు రాదు, మిగిలినది కుళ్లి నీటిలో ప్రాణవాయువును తినేస్తుంది.

కాలువలో బెండు కొట్టుకుపోతుంది కాబట్టి అడుగు గాలమే నయం. 80 నుంచి 100 గ్రాముల పలకలాంటి సీసం కావాలి, గుండ్రనిది దొర్లిపోతుంది. చెరువులో 40 నుంచి 60 గ్రాములు చాలు. సీసానికి తూటు ఉండి దారం అందులోంచి జారుతుంటే, దారం ఎక్కడ తెగినా చేప ఆ బరువును ఈడ్చుకుని తిరగాల్సిన అవస్థ తప్పుతుంది. సీసం విషం కూడా. హంసలు మింగి చనిపోతున్నాయని బ్రిటన్ 1987లో చిన్న సీసం గుండ్ల అమ్మకాన్ని నిషేధించింది. డెల్టాలో కొంగలు, బాతులు అవే గట్ల మీద మేస్తాయి కనుక గుండ్లను నీటి అంచున పారేయకూడదు.

చోటు, వేళ కూడా అమరికలో భాగమే. రేవుల దగ్గర జనం బియ్యం, గిన్నెలు కడుగుతారు, చేపలకు ఆ చోటు అలవాటు. వంతెన కింది నీడ, లాకుల దిగువ సుడి, గుర్రపుడెక్క అంచు మంచివి. నిలవ నీటిలో తెల్లవారుజామున ప్రాణవాయువు బాగా తగ్గుతుంది, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి గానీ మేయవు. ఎండ పొడిచి రెండు గంటలు గడిచాక, మళ్లీ సాయంత్రం మేతకు దిగుతాయి. కార్బన్ గడ కరెంటును లాగుతుంది. కాలువ గట్లపై తీగలు వేలాడే చోట గడను ఎత్తరాదు. ఊరి చెరువులు సాధారణంగా పాటకు ఇచ్చినవే, పాటదారుని అడగకుండా గాలం వేయడం తప్పు. వానలు మొదలయ్యాక పొట్టలో గుడ్లతో ఉబ్బిన చేప పడితే తడి చేతులతో పట్టుకుని వదిలేయాలి.

కడియం కాలువల మీద కొత్తగా మొదలుపెట్టేవారికి ఆరేడు రకాల గాలాలు అక్కర్లేదు. 0.30 మిల్లీమీటర్ల నైలాను దారం, 6 లేదా 8 నంబరు గాలాలు, తూటున్న పలక సీసం, ఒక చేతి వల, ఉడికించిన మొక్కజొన్న గింజలు ఉంటే బంగారు తీగ, మోసు పడతాయి. బొచ్చె కావాలనుకున్న రోజున ఒక బెండు, కొంచెం తవుడు ముద్ద అదనంగా పట్టుకెళితే చాలు.