వెంచర్ లేని ఊళ్లో కొత్త ఇళ్లు

నర్సీపట్నం దాటేదాకా రోడ్డుకు రెండు వైపులా రంగులేసిన హద్దురాళ్లు, గజం ధర రాసిన బోర్డులు వెంట వస్తూనే ఉంటాయి. కృష్ణదేవిపేట మీదుగా కొయ్యూరు మండలంలోకి ఎక్కాక ఒక్క బోర్డూ కనబడదు. జీడిమామిడి తోటలు, వెదురు పొదలు, వాటి మధ్య నీలం, లేత ఆకుపచ్చ సున్నాలేసిన శ్లాబు ఇళ్లు. అవన్నీ కొత్తగా కట్టినవే. అమ్మకానికి మాత్రం ఒక్కటీ లేదు.

అందుకు కారణం ఏజెన్సీలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన అంకె: 1/70. గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనుల మధ్యే చేతులు మారాలన్న 1959 నిబంధనకు 1970లో పెట్టిన బిగింపు అది. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడి దగ్గర కొన్నా చెల్లదు. దాంతో ఇక్కడ రియల్ ఎస్టేటు వ్యాపారం అనే మాటకే చోటు లేదు. దీని వల్ల ఒక తమాషా కూడా జరుగుతుంటుంది. మైదానం నుంచి వచ్చిన మాస్టార్లు, నర్సమ్మలు, సచివాలయం ఉద్యోగులు చాలామంది పొద్దున్నే నర్సీపట్నం నుంచి బస్సుల్లోనో బైకుల మీదో కొండెక్కుతారు, సాయంత్రం దిగిపోతారు. ఎక్కడైనా శివారు నుంచి పట్నానికి ఉద్యోగానికి వెళ్తారు. ఇక్కడ పట్నం నుంచి కొండకు వస్తారు. సర్వీసంతా కొయ్యూరులో చేసినా, సొంతిల్లు మాత్రం కిందే కట్టుకోవాలి.

కాబట్టి కొయ్యూరులో కొత్త ఇంటి కథ పూర్తిగా ఇక్కడి కొండదొరలది, భగతలది, వాల్మీకులది, కొండ మీది కోందులది. ఇళ్లు ప్రభుత్వ పథకాల కింద వస్తాయి. గ్రామీణ ఆవాస్ యోజనలో ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లుండాలి, వంటకు చోటు అందులోనే. నర్సీపట్నం లెక్కలో చెప్పాలంటే దాదాపు 30 గజాలు. అత్యంత వెనుకబడిన ఆదిమ తెగల కోసం 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్‌లో ఇంటికి 2 లక్షలు. ఉపాధి హామీ కూలి, మరుగుదొడ్డికిచ్చే 12 వేలు కలిపితే 2.39 లక్షలవుతుంది. దేశం మొత్తమ్మీద 75 తెగలకు 4.90 లక్షల ఇళ్లు కట్టాలన్నది లక్ష్యం. డబ్బు ఒకేసారి రాదు. పునాది లేచాక ఒక బిల్లు, లింటెల్‌కు ఒకటి, శ్లాబుకు ఇంకొకటి. ప్రతి దశలోనూ ఇంటి ముందు నిలబడి ఫొటో దిగాలి, ఇల్లున్న చోటు మ్యాపులో నమోదు కావాలి. సిగ్నల్ లేని ఊళ్లో ఆ ఫొటో తీసుకుని, టవర్ అందే మలుపుదాకా దిగి పంపాలి.

డబ్బు పడినా ఇసుక రావాలిగా. ఇక్కడ ఇంటి అసలు ధర తేల్చేది మేస్త్రీ కాదు, దారి. లారీ వచ్చే ఊళ్లో పిల్లర్ల మీద వరండా కూడా లేస్తోంది. మూలపేట పంచాయతీలోని జాజులబంద లాంటి కొండమీది పల్లెల్లో రోగిని డోలీలో దించిన బాటే సిమెంటుకూ బాట. యాభై కిలోల బస్తా భుజాన ఎక్కాలి, ఇనుప ఊచలు ఇద్దరు మనుషుల మధ్య ఊగుతూ ఎక్కాలి. అంచనా వేసే కాగితంలో మోతకూలికి గడి లేదు. లబ్ధిదారు ఆలస్యం చేశాడని రాసే ముందు ఎవరైనా ఒక్క బస్తా మోసి చూడాలని నాకనిపిస్తుంది.

దారి గొడవ ఈ కొండలకు కొత్తదేమీ కాదు. నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ రోడ్డు వేయించినప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ హయాంలో కూలీలకు ఆరణాల చోట రెండణాలే చేతిలో పెట్టారన్న కోపం 1922 మన్యం తిరుగుబాటు కారణాల్లో ఒకటి. ఆ ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడులు జరిగాయి. చివరకు ఆ తిరుగుబాటు నడిపిన అల్లూరి సీతారామరాజు ఈ మండలంలోని మంప దగ్గరే పట్టుబడ్డారు. 1924 మే 7న కొయ్యూరులో ఆయన్ను కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన జిల్లా ఆయన పేరే పెట్టుకుంది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే 516-ఈ జాతీయ రహదారి ఇప్పుడు ఈ కొండల్లోంచే పోతోంది. ఆ రోడ్డుకు దగ్గరున్న ఊళ్లలో శ్లాబులు ముందు లేచాయంటే ఆశ్చర్యమేముంది?

ఇల్లు పూర్తయ్యాక కుదురుకోవడం వేరే పని. ఒక ఇంటి వెనక్కి వెళ్లి చూడండి. పాత మట్టిల్లు పడగొట్టలేదు. మూరెడు మందం గోడ, ఎర్రమట్టి పూత, పైన గడ్డి కప్పు. లోపల పొయ్యి మీదుగా వాసానికి మొక్కజొన్న పొత్తులు, సొరబుర్రలో విత్తనాలు వేలాడుతున్నాయి. అన్నిటికీ నల్లటి మసి. పొగ తగిలినంతకాలం ఆ గింజకు పురుగు పట్టదు. కొత్తింట్లో వాసమూ లేదు, పొగా లేదు. ఫ్యాను కోసం శ్లాబులో వదిలిన కొక్కెం ఒకటే ఉంది. అందుకే వంట, విత్తనం పాతింట్లో. టీవీ, పిల్లల పుస్తకాలు, ఆధార్ కార్డులున్న ట్రంకు పెట్టె కొత్తింట్లో. మే నెల మధ్యాహ్నం మనుషులు కూడా పాత గోడల నీడకే చేరతారు. శ్లాబు పెనంలా కాలుతుంది మరి. ఆ కాలిన శ్లాబే ఇంకో రకంగా వరం. పథకంలో మెట్లు లేకపోయినా నిచ్చెన వేసుకుని ఎక్కి చింతపండు, పసుపు, జీడిపిక్కలు ఆరబోస్తున్నారు. మేకలు, కోళ్లు ఎక్కలేని కళ్లం దొరికినట్టయింది. ఇంజినీర్లు ఊహించని ఈ వాడకమే నాకు అన్నిటికంటే నచ్చింది.

బ్రిటన్‌లో కొత్త ఇల్లు కొన్నవారికి సాధారణంగా పదేళ్ల వారంటీ ఉంటుంది. మొదటి రెండేళ్లలో బయటపడిన లోపాలు బిల్డరే సరిచేయాలి. కొయ్యూరులో లోపాల జాబితా రాసేది మొదటి వాన. గోడ చెమ్మ, కిటికీ అంచున జల్లు, శ్లాబు మూల ఊట. జూలైలో తెలిసిపోతుంది. ఆ మరమ్మతుకు ఏ పథకంలోనూ బిల్లు లేదు. ఇల్లు ఇచ్చే ప్రభుత్వం రెండో వానాకాలం తర్వాత ఒక్కసారి వచ్చి చూసే ఏర్పాటు చేస్తే ఈ డబ్బుకు అర్థం ఉంటుంది.

కొయ్యూరు చూడాలనుకునేవారు విశాఖపట్నం నుంచి ఆర్టీసీ బస్సులో సుమారు 90 కిలోమీటర్లు నర్సీపట్నం చేరి, అక్కణ్నుంచి కృష్ణదేవిపేట మీదుగా మరో 40 కిలోమీటర్లు రావాలి. రైలులో వచ్చేవారికి తుని, నర్సీపట్నం రోడ్ స్టేషన్లున్నాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. బసకు నర్సీపట్నమే మేలు. ఇళ్లను చూడటానికి వెళ్తే ఇంటివాళ్లను అడక్కుండా ఫొటో తీయకండి. బిల్లుల కోసం వాళ్లు ఇప్పటికే చాలా ఫొటోలు దిగారు. తిరుగు బస్సు వేళ మాత్రం దిగగానే కనుక్కోండి, సాయంత్రం అది ఉద్యోగులతో నిండిపోతుంది.