మీకు తెలుసా? పోపు గారి కొత్త పేరు

మన ఇళ్లలో మనవడికి తాత పేరు పెట్టినట్టే, కొత్త పోపు కూడా సాధారణంగా పాతవారి పేరొకటి ఎంచుకుంటారు. నియమమేమీ లేదు, ఆనవాయితీ అంతే. 533లో ఎన్నికైన మెర్క్యూరియస్‌ది రోమన్ దేవుడి పేరు. పోపుకు అదేం బాగుంటుంది? రెండో జాన్ అయ్యారు.

2025 మే 8న ఎన్నికైన రాబర్ట్ ప్రీవోస్ట్ 14వ లియో కావడానికి ముఖ్య కారణం 13వ లియో. కూలీల న్యాయమైన వేతనం, సంఘం పెట్టుకునే హక్కు గురించి 1891లో లేఖ రాసిన పోపు ఆయన. కృత్రిమ మేధతో శ్రమకు మళ్లీ అలాంటి సవాలే వచ్చిందని కొత్త పోపు చెప్పారు.

చీపురుపల్లి వారికి ఇంకో సంగతి: 1886లో విశాఖపట్నాన్ని మేత్రాసనం (బిషప్ పాలనలోని ప్రాంతం) చేసిందీ ఆ 13వ లియోనే. అప్పట్లో చీపురుపల్లి తాలూకా విశాఖ జిల్లాలోదే.

అన్నట్టు, మొదటి పోపు పీటర్ పేరు మాత్రం రోమ్‌లో ఇంతవరకూ మరే పోపూ పెట్టుకోలేదు.