ఈసుకుపోయిన ఆవు.. ఇంటి కోడలికీ ముప్పు!

ధర్మపురి: ఆవు నెలలు నిండకుండానే ఈసుకుపోతే దూడ పోయిందనే బాధపడతాం. అదే కొట్టంలో గర్భిణికీ ముప్పు పొంచి ఉంటుందని చాలామందికి తెలీదు. కడుపు నిలవకపోతే కోడలి తలరాత అనేస్తారు.

కారణం బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా. 1887లో మాల్టాలో సైనిక వైద్యుడు డేవిడ్ బ్రూస్ దీన్ని గుర్తించారు. మేకపాల నుంచే సోకుతోందని 1905లో తేలింది. తమిళంలో ఇది 'కన్రు వీచ్చు' రోగం. ఈసుకుపోయిన పిండం, మాయ, పచ్చిపాల ద్వారా మనుషులకు వస్తుంది. విడవని జ్వరం, రాత్రి చెమటలు, కీళ్లనొప్పులు లక్షణాలు. గర్భిణుల్లో అరుదే. వచ్చి, వైద్యం అందకపోతే గర్భస్రావం కావచ్చు, బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు.

ఇలా చేయండి..

* ఈనే, ఈసుకుపోయే పశువు దగ్గరికి గర్భిణులు పోరాదు.
* మిగతావారు చేతికి తొడుగులు వేసుకుని పిండాన్ని, మాయను సున్నం చల్లి లోతుగా పూడ్చాలి. కుక్కలకు వేయరాదు.
* పాలు పొంగేదాకా కాచాలి.
* 4-8 నెలల పెయ్యదూడలకు ఒకసారి టీకా వేయించాలి. 2019 సెప్టెంబరులో కేంద్రం మొదలుపెట్టిన పథకంలో ఈ టీకా కూడా ఉంది.

గర్భిణికి జ్వరమొస్తే సొంత మాత్రలు వద్దు. ఇంట్లో ఆవు ఈసుకుపోయిందని డాక్టరుకు తప్పక చెప్పాలి. అడిగితే గానీ ఎవరూ చెప్పని మాట అది. రక్తపరీక్షకు దారి చూపేదీ అదే.