షుగరు వారి కాళ్ల తిమ్మిర్లు – థైరాయిడ్ సంగతి



"పాదాల్లో తిమ్మిర్లు సిస్టర్, రాత్రి పడుకుంటే ఒకటే మంటలు" అని షుగరు ఉన్నవారు మాతో చెబుతుంటారు. కొన్నాళ్లకు వారే "ఇప్పుడు మంట తగ్గిందిలెండి" అంటారు. అది విన్నప్పుడే మాకు భయం. మంట తగ్గడమంటే ఒక్కోసారి నరం మొద్దుబారడమే. అప్పుడు మిరప కల్లంలో తుమ్మముల్లు దిగినా తెలియదు. రెంటచింతల ఎండల్లో బండల మీద వట్టికాళ్లతో నడిచి బొబ్బలు లేచినా తెలియదు. నొప్పి లేదు గనుక చూసుకోరు. పుండు ఎముకదాకా పోయాక వస్తే వేలో, పాదమో తీసివేయవలసి రావచ్చు.

వేలూరు మిషన్ ఆసుపత్రిలో 1946 నుండి పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారు కుష్ఠురోగుల పాదాలు పాడవడానికి నొప్పి తెలియక తగిలే దెబ్బలే ముఖ్య కారణమని చూపించారు. షుగరు పాదాలదీ అదే కథ.

నరాలు చెడడానికి పెద్ద కారణం ఏళ్ల తరబడి అదుపులో లేని షుగరే. అయితే థైరాయిడ్ తక్కువైనా తిమ్మిర్లు వస్తాయి, ముఖ్యంగా చేతివేళ్లలో. మెట్‌ఫార్మిన్ మాత్రలు చాలాకాలం వాడినవారిలో బి12 విటమిన్ తగ్గి కూడా రావచ్చు. కనుక డాక్టరుగారు ఈ రక్తపరీక్షలు రాస్తే "షుగరుకు వచ్చాం, ఇవెందుకు?" అనుకోవద్దు.

ఈమధ్య పరిశోధకులు మరో సంగతి చూస్తున్నారు. రిపోర్టులో థైరాయిడ్ నార్మల్ అని ఉన్నా, శరీరం ఆ హార్మోనుకు సరిగా స్పందించకపోవచ్చు. మెదడు అడుగున పిట్యూటరీ అనే చిన్న గ్రంథి ఉంది. అది టి.ఎస్.హెచ్. పంపి థైరాయిడ్ చేత పని చేయిస్తుంది. రక్తంలో హార్మోను చాలినంత ఉంటే టి.ఎస్.హెచ్. తగ్గించాలి, సాగర్ కుడికాలువ కింద మడి నిండగానే తూము మూసినట్టు. మడి నిండినా తూము సరిగా మూయకపోవడమే ఈ స్పందన లోపం. టి4, టి.ఎస్.హెచ్. అంకెలు కలిపి లెక్కగట్టి దీన్ని అంచనా వేస్తారు. టైప్ 2 షుగరువారిలో ఈ లోపానికీ నరాల దెబ్బకూ సంబంధం ఉన్నట్టు కొన్ని అధ్యయనాల్లో కనబడింది. దాని వల్లే ఇది వస్తుందని మాత్రం తేలలేదు, దీనికంటూ వేరే మందూ లేదు.

ఈ మాట విని పక్కింటామె థైరాయిడ్ మాత్రలు తెచ్చి మింగేరు సుమా! అవసరం లేనివారికి అవి గుండెదడ తెస్తాయి, ఎముకలను బలహీనం చేస్తాయి.

షుగరు ఉన్న ప్రతివారూ ఏడాదికొకసారి పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. సన్నని నైలాన్ దారం తాకించి చూస్తాం, నొప్పి ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. ఇంట్లో రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి. చూపు ఆనకపోతే మనవడినో మనవరాలినో చూడమనండి. మొద్దుబారిన కాళ్లకు వేడి కాపడం వద్దు. ఆదివారం మందిరానికి గుమ్మందాకా చెప్పులతోనే రండి, లోపల మేజోళ్లు వేసుకుని కూర్చోండి. పరీక్షకు వచ్చేటప్పుడు పాత రిపోర్టులతోపాటు రోజూ తొడిగే చెప్పులు కూడా తెండి. వాటిలో మేకు పైకి లేచి ఉందేమో మేము చూస్తాం.