అమ్మబోవు ఇంటికి మరమ్మతులు

ఇల్లు కట్టి చూడుమన్న పెద్దలు ఇల్లు అమ్మి చూడుమని ఎక్కడను చెప్పలేదు. ఇల్లు అమ్ముట అప్పులపాలైనవాని పని అని వారి భావము కాబోలు. నేడు సంగతి వేరు. పిల్లలు దూరదేశములలో స్థిరపడుదురు. ఊరిలోని ఇంటికి తాళము పడును. తాళము పడిన ఇల్లు నాలుగు వానకాలములలో శిథిలమగును. అట్టి ఇంటిని మరియొకరి చేతిలో పెట్టుట తప్పు కాదు. అయితే అమ్ముటకు ముందు దానిపై ఎంత వ్యయము చేయవలెను, దేనిపై చేయవలెను? ఈ ప్రశ్నకు నేను చేయి కాల్చుకొని తెలిసికొన్న సమాధానమును శ్రోతలకు విన్నవింతును.

కోనసీమలో మా తండ్రిగారు కట్టించిన మండువా ఇల్లు ఒకటి మాకుండెను. నలుదిక్కుల పెంకు కప్పు, నడుమ వాననీరు పడు మండువా, సున్నముతో కట్టిన ఇటుక గోడలు, కడప రాళ్లు పరచిన నేల. వారసులము ముగ్గురము: నేను, తమ్ముడు, చెల్లెలు. చెల్లెలి కుమార్తె చదువునకు ఆమె వాటా సొమ్ము ఆ వేసవిలోనే కావలసియుండెను. మరమ్మతులకు మా యొద్ద ఉన్నది స్వల్పము. ఆ స్వల్పములో సగము నేను రంగులకు పెట్టితిని.

నూతివైపు గోడకు అడుగున మోకాలెత్తు వరకు చెమ్మ, దానిపై తెల్లని ఉప్పు పొంగు ఉండెను. అంతకు పదేండ్ల క్రిందటనే రాలిపోవుచున్న సున్నపు పూతను గీకించి సిమెంటు పూయించియుంటిమి. ఇప్పుడు దానిపై ఆయిలు పెయింటు రెండు పూతలు వేయించితిని. గోడ అద్దమువలె మెరిసెను. నెల తిరుగకముందే ఇల్లు చూడవచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మాటలాడుచునే ఆ గోడపై అరచేయి ఆనించెను. రంగు బొబ్బలెక్కియుండెను. ఒక బొబ్బను గోటితో నొక్కగా లోపలినుండి నీరు జారెను. ఆయన కోపగింపలేదు. “కప్పు మీద కూడ రంగే వేయించారా?” అని మాత్రము అడిగి, చెప్పులు తొడిగికొని వెడలిపోయెను. మరల రాలేదు. ఆ వేసవి గడచిపోయెను. చెల్లెలు తన గాజులు తాకట్టుపెట్టి కుమార్తె కళాశాల రుసుము కట్టెను.

మా ఊరి ముసలి తాపీమేస్త్రిని పిలిపించితిని. ఆయన గోడ చూచి, “బాబుగారూ, గోడకు ముక్కు మూసేశారు” అనెను. మాట మోటుదే గాని శాస్త్రము అందులోనే ఉన్నది. నేటి ఇండ్లకు పునాదిపై చెమ్మను ఆపు పొర ఒకటి వేయుదురు. మా ఇంటివంటి పాత గోడలకు అది లేదు. నేలలోని నీరు ఇటుకల సన్నని రంధ్రముల వెంట, వత్తిలో నూనెవలె, పైకి ప్రాకును. సున్నపు పూత గాలి ఆడునది గనుక ఆ నీరు దానిగుండ ఆవిరియై పోవును. సిమెంటును, నూనె రంగును ఆ దారిని మూసినచో నీరు ఇంకను పైకెక్కును. దానితో వచ్చిన లవణములు పూత వెనుక స్ఫటికములై పెరిగి పూతను ముందుకు నెట్టివేయును. నేను చేసిన అలంకారము రోగమును దాచలేదు, పెంచినది.

చెమ్మ గీతకు ఒక మూర పైవరకు సిమెంటును కొట్టించి, గోడను ఆరనిచ్చి, సున్నమును ఇసుకయు కలిపిన పూత పూయించితిమి. అంతకంటె ముఖ్యమైన పని మరియొకటి ఉండెను. నూతి గట్టుమీద పోసిన నీరు గోడవైపే పారుచుండెను! ఆ వాటము మార్చి కాలువ తీయుటకు ఇద్దరు కూలీలకు ఒక దినము పట్టినది. నలువది యేండ్లుగా ఆ గట్టుమీదనే స్నానము చేసినవారము. నీరెటు పోవుచున్నదో ఒక్కరమును చూడలేదు.

పిమ్మట వానలకు ముందే కప్పు నేయించితిమి. పగిలిన పెంకులు మార్పించి, మండువా మూలలలో కప్పులు కలియుచోట తుప్పుపట్టిన రేకు కాలువలు క్రొత్తవి వేయించితిమి. చెక్క పట్టీలపై నడచిన పాత విద్యుత్తు తీగలను తీయించి, ఎర్తు తీగతో సహా క్రొత్తవి అమర్పించితిమి.

తమ్మునికి మాత్రము కడప రాళ్లమీద చలువరాయి పరపించవలెనని పట్టుదల. నేను వలదంటిని. కొనువాడు ఎట్లును చేయించుకొనవలసిన పనిని మనము చేసినచో దాని వెల చాలవరకు చేతికి వచ్చును. అతడు తన రుచికొలది పగులగొట్టింపబోవు పనిని చేసినచో రాదు. రాళ్లు కడిగించి సందులు పూడ్పించితిమి. నల్లని నిగ్గు తేలినది.

కాగితములకును మరమ్మతు కలదు. ఇంటి పన్ను మా తండ్రిగారి పేరనే వచ్చుచుండెను. దానిని మార్పించి, సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమునుండి ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తెచ్చితిమి. పెండ్లినాడే కట్నమిచ్చితిమి గదా, ఆడపడుచు సంతకమెందుకని అనువారు నేటికిని కలరు. హిందూ కుటుంబములలో తండ్రి వీలునామా వ్రాయక మరణించినచో ఆయన స్వార్జితమున కుమార్తెకు సమాన భాగమును 1956 నాటి చట్టమే ఇచ్చినది. ఉమ్మడి పిత్రార్జితమునందు 2005 నాటి సవరణ కుమారునితో సమానమైన హక్కునిచ్చినది. ఆమె సంతకము లేని ఇంటికి ఎంత సున్నము కొట్టించినను తెలిసినవాడు కొనడు. మరమ్మతుల రసీదులు కూడ దాచుకొనవలెను. ఇంటికి శాశ్వతముగా చేర్చిన పనుల వ్యయమును ఆదాయపు పన్ను లెక్కలో లాభమునుండి తగ్గించుకొనవచ్చును. వెల్లవేయుట వంటి మామూలు పనులకు ఆ సౌకర్యము లేదు.

ఇన్ని చేసినను పడమటి దూలము మిగిలినది. గోడలోనికి చొచ్చిన దాని కొనను చెదలు తినియుండెను. మార్పవలెనన్న కప్పు విప్పవలెను. అంత సొమ్ము లేదు. క్రింద ఒక స్తంభము నిలిపి ఊరకుంటిమి. దానికి పలక కొట్టించి రంగు వేసినచో ఎవరికి తెలియునని తమ్ముడనెను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టపు 55వ సెక్షను ప్రకారము, అమ్మువానికి తెలిసియు, కొనువాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనట్టియు ముఖ్యలోపమును చెప్పుట అమ్మువాని విధి. నాకు చట్టముకంటె ఆ బొబ్బ ఎక్కువగా జ్ఞాపకముండెను.

మరుసటి ఆషాఢమున మంచి వానలో ఒక దంపతులు వచ్చిరి. నేనే వారిని ముందుగా ఆ దూలము క్రిందికి తీసికొనిపోయి నిచ్చెన వేసి చూపితిని. ఆయన పైకెక్కి కొనను చాకుతో గ్రుచ్చి చూచెను. ఆమె నూతివైపు గోడను తడవి, పొడిగానున్నదని చెప్పెను. దూలము మార్చుటకగు వ్యయమును వెలలో తగ్గించుకొంటిమి. మిగిలినదానికి బేరమాడలేదు. బయానా ఆనాడే ముట్టినది; అందులోనుండి మొదట చెల్లెలి గాజులు విడిపించితిమి.