ధ్వనిని కొలిచిన మెత్తలు

1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం తెరిచారు. అందులోని ఉపన్యాసశాల చూడ్డానికి ముచ్చటగా ఉండేది, వినడానికి మాత్రం పనికొచ్చేది కాదు. వక్త అన్న మాట దాదాపు ఐదున్నర సెకన్లపాటు గదిలోనే తిరుగుతూ వినిపించేది. ఈలోగా ఆయన ఇంకో పది పన్నెండు మాటలు అనేసేవాడు. అన్నీ కలగాపులగమై వెనక కూర్చున్నవాళ్లకు ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. ఆ చిక్కు విప్పమని విశ్వవిద్యాలయ అధ్యక్షుడు చార్ల్స్ ఎలియట్ భౌతికశాస్త్రం చెప్పే ఒక కుర్ర అధ్యాపకుడికి అప్పగించాడు. అతని పేరు వాలెస్ క్లెమెంట్ సేబిన్, వయసు 27 ఏళ్లు.

పగలు వీధి రొద కాబట్టి సేబిన్ ప్రయోగాలన్నీ అర్ధరాత్రి దాటాకే. 512 హెర్ట్జ్ ఆర్గాన్ గొట్టాన్ని మోగించి, ఆపేసి, శబ్దం పూర్తిగా చెవికి అందకుండా పోయేదాకా ఎంతసేపు పట్టిందో కొలిచేవాడు. దగ్గర్లోని శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోసుకొచ్చి కొన్ని వేసి ఒకసారి, మరికొన్ని వేసి ఇంకోసారి కొలవడం, తెల్లారేలోగా వాటిని మళ్లీ అక్కడికే చేర్చడం. మెత్తలు పెరిగేకొద్దీ మోత తగ్గింది. తన ఒంటిమీది బట్టలు కూడా శబ్దాన్ని పీల్చుకుంటున్నాయని మధ్యలో తెలిసింది. ఏ పూట ఏం తొడుక్కున్నాడో రాసిపెట్టుకోలేదని, నెలల తరబడి తీసిన వేల కొలతలను పారేసి, ఆ తర్వాత ఎప్పుడూ అవే బట్టలు తొడుక్కుని కొలిచాడు. నా దృష్టిలో ధ్వనిశాస్త్రానికి పునాది పడింది ఆ కొలతలు పారేసిన రోజునే.

చివరికి తేలిన సూత్రం చాలా చిన్నది. గది ఘనపరిమాణం ఎంత ఎక్కువైతే మోత అంతసేపు నిలుస్తుంది. శబ్దాన్ని పీల్చుకునేవి ఎన్ని ఉంటే అంత త్వరగా చస్తుంది. తెరిచిన కిటికీలోంచి పోయిన శబ్దం వెనక్కి రాదు కదా, అందుకే తెరిచిన కిటికీ పీల్చుకునేంతను కొలమానంగా పెట్టుకున్నాడు. ఇప్పుడు ఒక చదరపు అడుగు తెరిచిన కిటికీ పీల్చుకునేంతను ఒక సేబిన్ అంటున్నాం. ఈ లెక్కతోనే రూపుదిద్దుకున్న బోస్టన్ సింఫనీ హాల్ 1900 అక్టోబర్ 15న తెరుచుకుంది. ఇప్పటికీ ప్రపంచంలోని గొప్ప సంగీతశాలల్లో దాన్ని చెబుతారు. తర్వాత సేబిన్ గస్తావినో కంపెనీతో కలిసి శబ్దాన్ని పీల్చే పలకలు కూడా తయారుచేశాడు. 1919లో, 50 ఏళ్లకే చనిపోయాడు.

ఈరోజు పడగ్గదిలో మైకు పెట్టుకుని పాటలు, ఆడియో పుస్తకాలు రికార్డు చేస్తున్నవాళ్లకు కావలసింది ఆ సూత్రమే. మన ఇళ్లలో మామూలుగా ఉండే 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గదిని తీసుకోండి. అంటే 1,200 ఘనపుటడుగులు. దాన్ని సూత్రంలోని స్థిరాంకం 0.049తో గుణిస్తే సుమారు 59. ఈ 59ని మొత్తం సేబిన్లతో భాగిస్తే మోత ఎన్ని సెకన్లో వస్తుంది. నున్నటి ప్లాస్టరు గోడ తనమీద పడ్డ శబ్దంలో నూటికి మూడు వంతులే పీల్చుకుంటుందనుకుంటే, గోడలు, కప్పు, నేల అన్నీ కలిసి 680 చదరపు అడుగులకు 20 సేబిన్లు. ఖాళీ గదిలో మోత మూడు సెకన్లు! రికార్డింగుకు 0.4 సెకన్లకు దిగాలి, అంటే దాదాపు 150 సేబిన్లు. రాతి పీచుతో చేసిన నాలుగంగుళాల మందం రాక్‌ఉల్‌ను 2×4 అడుగుల చట్రంలో బిగించి గుడ్డ చుట్టిన పలక ఒక్కోటి సుమారు 8 సేబిన్లు ఇస్తుంది. పరుపు, మందపాటి కర్టెన్లు చెరో 20 ఇచ్చాయనుకున్నా పన్నెండు పలకలు కావాలి.

అయితే సూత్రం పెద్ద హాళ్ల కోసం పుట్టింది. చిన్న గదిలో మంద్రస్వరాల దగ్గర అది చేతులెత్తేస్తుంది. ఎదురెదురు గోడల మధ్య 10 అడుగులుంటే 56 హెర్ట్జ్ దగ్గర అలలు వాటి మధ్య చిక్కుకుని ఉబ్బుతాయి. వెడల్పూ ఎత్తూ రెండూ 10 అడుగులే కాబట్టి ఆ స్వరానికి రెండింతల బలం. బేస్ గిటార్‌లో మూడో తీగ 55 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. అదే గిటారులో మిగతా స్వరాలు ఒకలా, ఆ ఒక్కటీ గుమ్మని ఒకలా వినిపిస్తే తప్పు గిటారుది కాదు. ఆ అల పొడవు 20 అడుగులు, కాబట్టి అంగుళం ఫోమ్ దాన్ని ఏమీ చేయలేదు. మందపాటి రాక్‌ఉల్‌ను గది మూలల్లో అడ్డంగా, వెనక ఖాళీ వదిలి, నేల నుంచి కప్పుదాకా నిలబెట్టాలి. మంద్రస్వరాల ఒత్తిడి మూలల్లోనే ఎక్కువగా పోగవుతుంది.

కోడిగుడ్ల అట్టలు గోడకు అంటించమనే సలహా ఎవరిచ్చినా వినకండి. అవైనా, పలచటి ఫోమ్ అయినా హెచ్చు స్వరాలను మాత్రమే పీల్చేసి గుమ్మనే మోతను అలాగే వదిలేస్తుంది. గది ఇంకా మసకగా వినిపిస్తుంది. ఇవేవీ బయటి ట్రాఫిక్‌నూ ఆపవు. దానికి బరువైన గోడ, సందులు లేని తలుపు కావాలి.

పలకలు ఎక్కడ పెట్టాలో అద్దం చెబుతుంది. స్పీకర్ల ముందు మీరు కూర్చుని వినే చోటే కూర్చోండి, ఇంకొకరు గోడ వెంట అద్దం జరుపుతారు. అద్దంలో స్పీకరు ఎక్కడ కనిపిస్తే మొదటి పలక అక్కడ. పాడేవాళ్లయితే మైకు వెనక కాదు, మీ వీపు వెనక మందపాటి బొంత వేలాడదీయండి. మైకు మీ వైపే చూస్తుంది కాబట్టి మీ వెనక గోడ నుంచి వచ్చే మోతే దానికి ఎక్కువగా చేరుతుంది. రాక్‌ఉల్ కోసేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. ఆ పీచు ఎక్కడా బయటికి కనపడకుండా గుడ్డ చుట్టాకే గదిలోకి తీసుకురండి.